పాచిక దోషమా? చేతి దోషమా?

ఇటీవల ఒక శనివారము మధ్యాహ్నము మా పిల్లలు కొందరు బడి వసారాలో చేరి క్రొత్త ఆట యొకటి ఆడుచుండగా చూచితిమి. సెలవులకు హైదరాబాదు పోయి వచ్చిన విద్యార్థి ఒకడు ఇరువది ముఖముల పాచికను తెచ్చెను. కథలో ఒక బాలుడు వీరుడు. వాగుపై పాత వంతెనను దాటవలెను. పాచిక వేయగా 1 పడెను. వీరుడు జారి నీట బడెను. త్రాడందింపబోయిన మిత్రునికిని 1 పడెను, వాడును మునిగెను. దివిటీ ఆరెను, ఆ చప్పుడునకు గుహలోని రాక్షసుడు మేలుకొనెను. పిల్లలందరు విరగబడి నవ్విరి. వీరుడు మాత్రము ముఖము చిన్నబుచ్చుకొని, "నా చేయి మంచిది కాదండీ. అర్ధవార్షిక పరీక్షలోను ఇట్లే అయినది" అనెను. ఆ మాటకు సమాధానమే ఈ వ్యాసము.

ఇట్టి ఆటలలో మొదట పేరొందినది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దానిని వెలువరించిరి. ఆడువారిలో ఒకడు కథ నడుపును; తక్కినవారు యోధులుగను, మాంత్రికులుగను వేషములు ధరింతురు. ఏమి చేయవలెనో ఆటగాడు చెప్పును. అది ఫలించునో లేదో పాచిక తేల్చును. యుద్ధమున 1 పడినచో ఎంతటి శూరుని దెబ్బయైనను తప్పిపోవును. కత్తి చేజారినదనియో, మిత్రునికే తగిలినదనియో కొందరు తమలో తాము మరికొంత కష్టమును కల్పించుకొందురు. గందరగోళమంతయు అక్కడ పుట్టును, వినోదమును అక్కడనే పుట్టును.

మన యిండ్లలోని ఆటలను దీనితో పోల్చి చూడుడు. వైకుంఠపాళిలో నిచ్చెన యెక్కుటయు, పాము నోట బడుటయు అంతయు పందెమును బట్టియే; ఆటగాని తెలివికి చోటు లేదు. చదరంగమున అంతయు తెలివియే. పాచికకు చోటు లేదు. ఈ రెంటి నడుమ నున్నది మన అష్టాచెమ్మ. ఇరుగుపొరుగు కన్నడ పిల్లలు దీనినే చౌకాబారా అందురు. నాలుగు గవ్వలు ఎట్లు పడునో మన చేతిలో లేదు; పడిన పందెమునకు ఏ కాయను నడుపవలెనో మన చేతిలో నున్నది.

ఇప్పుడు కొంచెము లెక్క. ఇరువది ముఖముల పాచిక ఒకసారి వేసినచో 1 పడుటకు ఇరువదింట ఒక పాలు అవకాశము. వరుసగా రెండుసార్లు పడుటకు నన్నూరింట ఒక పాలు. నలుగురు ఆటగాండ్రు ఒక్కొక్కరు అయిదుసార్లు వేసిరనుకొందము. మొత్తము 20 వేతలు. ఒక్కసారియు 1 పడకుండుటకు నూటికి 36 పాళ్లే అవకాశము. ఒక్కసారియైన పడుటకు 64 పాళ్లు. అనగా ఆట సాగినకొలది ఎవరికో ఒకరికి 1 పడుట వింత కాదు, పడకుండుటయే వింత. మరియొక సంగతి: పాచికకు జ్ఞాపకము లేదు. రెండుసార్లు 1 పడినను మూడవసారి అవకాశము మరల ఇరువదింట ఒక పాలే. కనుక మంచి చేయి, చెడ్డ చేయి అనునవి లేవు.

ఐరోపాలో పాస్కల్, ఫెర్మా అను గణితజ్ఞులు 1654లో లేఖల మూలమున జూదపు లెక్కలను చర్చించిరి. సంభావ్యతా శాస్త్రమునకు అది పునాది యయ్యెను. మన భారతమునను ఇట్టి తలపు కలదు. నలుడు జూదమున రాజ్యము కోల్పోయి ఋతుపర్ణునికి సారథియై యుండగా, ఆ రాజు తాని చెట్టును చూచినంతనే ఆకులెన్నియో కాయలెన్నియో చెప్పెను. నలుడు లెక్కించి చూడగా సరిపోయెను. పూర్వము ఆ తానికాయలే జూదపు పాచికలు. ఋతుపర్ణుడు నేర్పిన అక్షహృదయ విద్యచే నలుడు పుష్కరుని గెలిచెను. లెక్క తెలిసినవానికి పాచిక దైవముగా తోచదు.

ధర్మరాజు కథ వేరు. శకుని కపటముగ ఆడెను, నిజమే. కాని ధనము పోయిన వెంటనే ధర్మరాజు లేచి రాలేదు. రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. దోషము పాచికలో కొంతయే, పణములో ఎక్కువ. పిల్లల ఆటలో 1 పడినచో కథ మలుపు తిరుగును. సొమ్ము ఒడ్డి ఆడు జూదమున కుటుంబము కూలిపోవును. పండుగ పేరిట పేకముక్కలు పట్టు పెద్దలు దీనిని తలపవలెను.

ఇక ఆ బాలుని పరీక్ష. ఈ క్రొత్త ఆటలో ఒక చక్కని నియమమున్నది: ఆటగాడు సాధించిన నేర్పు పాచిక సంఖ్యకు కలియును. గెలుపునకు 15 కావలెననుకొందము. నేర్పు లేనివానికి 15 మొదలు 20 వరకు ఆరు ముఖములే అనుకూలము. నేర్పు 5 కలవానికి 10 పడినను చాలును. పదునొకండు ముఖములు అనుకూలము. పాచిక మారలేదు, ఆటగాడు మారెను. పది పాఠములలో అయిదే చదివినవానికి ప్రశ్నపత్రము జూదము. తొమ్మిది చదివినవానికి దాని భయము స్వల్పము.

కన్నడము ప్రధానముగ గల ఈ సీమలో తెలుగున చదువు మన పిల్లలు "మా రాత యింతే" అనుట అప్పుడప్పుడు వినుచుందుము. ఏ యింట, ఏ భాషలో పుట్టుదుమో అది మనము వేసిన పందెము కాదు. కాని తెలుగును నిలుపుకొని కన్నడమును చక్కగా నేర్చుట మన కాయను మనము నడుపుట. తలిదండ్రులారా, తక్కువ గుణములు తెచ్చిన బిడ్డతో "నీ అదృష్టమింతే" అనకుడు, "తరువాతి కాయ ఎట్లు నడుపుదువు?" అని అడుగుడు.

ఆ బాలుడు మరుసటి వారము మరల ఆడెను. మరల 1 పడెను. ఈసారి అందరికన్న ముందు నవ్వినవాడు వాడే.