నెమలి వచ్చింది, అక్షరాలు రాలేదు

చెల్లి పెళ్లి కుదిరింది. శుభలేఖ దగ్గరికి వచ్చేసరికి తనది ఒకటే పట్టు: "నాన్న వేసిన డిజైనే కావాలన్నయ్యా!" బాబాయ్ గుంటూరులో డీటీపీ సెంటర్ నడిపేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది. పిన్ని బీరువాలోంచి ఒక సీడీ తీసిచ్చింది. పైన మార్కర్‌తో 'కార్డులు 2001' అని ఆయన చేతిరాత. సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ దొరకడానికే రెండు రోజులు పట్టింది, అది వేరే కథ.

లోపల ఉన్నవి సీడీఆర్ ఫైళ్లు, అంటే కోరల్‌డ్రాలో చేసినవి. నా దగ్గర అది లేదు కాబట్టి ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచా. ఆ ఫార్మాట్‌ని తవ్వి తవ్వి అర్థం చేసుకున్నవాళ్లు రాసిన లిబ్‌సీడీఆర్ అనే లైబ్రరీ దీనికి సాయం చేస్తుంది. బోర్డర్, కలశం, నెమలి అన్నీ వచ్చేశాయి. తెలుగు ఉండాల్సిన చోట మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డిగ్రీ గుర్తులు! చెల్లి ముఖం చూడలేకపోయా.

నిజానికి ఫైల్ పాడవలేదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, డీటీపీ షాపుల్లో నడిచిన ఫాంట్ల దారే వేరు. తలకట్టు, గుడి, ఒత్తు... ఇలా ముక్కలు చేసి ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో కూర్చోబెట్టేవారు. ఫైల్‌లో ఉండేది గది నంబరే. ఆ ఫాంట్ లేని కంప్యూటర్ ఆ గదిలోని ఇంగ్లిష్ అక్షరాన్ని చూపిస్తుంది. తాళం ఉంది, చెవి లేదు, అంతే.

ఆ చెవి బాబాయ్ దగ్గర పని నేర్చుకున్న ఒకాయన షాపులో దొరికింది. మూలన దుమ్ము పట్టిన పాత సిస్టమ్, అందులో అదే ఫాంట్. తెరవగానే తెలుగు! ఆయన కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాల్ని కర్వ్స్ చేసేశారు. ఇక అవి బొమ్మలు, ఫాంట్ అక్కర్లేదు. కానీ తర్వాత ఒక్క అక్షరం కూడా మార్చలేం. అందుకే కర్వ్స్ చేయని కాపీ ఒకటి, ఫాంట్ ఫైల్‌తో సహా, విడిగా పెట్టుకున్నా. కర్వ్స్ చేసిందాన్ని ఎస్‌వీజీగా, పీడీఎఫ్‌గా సేవ్ చేయించా.

నెమలి ఇంకో పేచీ పెట్టింది. అది డబ్ల్యూఎమ్ఎఫ్ క్లిపార్ట్, విండోస్ 3 కాలం నాటి ఫార్మాట్. అందులో బెజియర్ వంపు గీత గీయమనే ఆదేశమే లేదు. వంపులన్నీ చిన్న చిన్న తిన్నటి గీతల వరసలే. కార్డు సైజులో కంటికి ఆనలేదు. పందిరి దగ్గర ఫ్లెక్సీ కోసం పెద్దది చేస్తే ఈకలన్నీ రంపంపళ్లలా తేలాయి. ఇంక్‌స్కేప్‌లో 'సింప్లిఫై' కొడితే గీత నునుపైంది కానీ ఈకల కళ్లు కరిగిపోయాయి. చివరికి పాతదాన్ని కింద పెట్టుకుని పైన పెన్ టూల్‌తో ఒక రాత్రంతా మళ్లీ గీశా.

మీ ఇంట్లోనూ ఇలాంటి సీడీ ఉంటే, ఆ పాత సిస్టమ్ పాతసామాన్ల బండి ఎక్కకముందే పని కానివ్వండి.

పేర్లు, ముహూర్తం యూనికోడ్ ఫాంట్‌లో కొత్తగా టైప్ చేశాం. పైన 'శుభలేఖ' అన్న మాట మాత్రం బాబాయ్ సాగదీసి వంచి పెట్టినట్టే ఉంచేశాం. ప్రెస్‌లో కుర్రాడు దాన్నే జూమ్ చేసి చూస్తూ అడిగాడు, "ఈ ఫాంట్ పేరేంటన్నా? ఎక్కడా దొరకట్లేదే!"