థర్మోస్టాట్ బిగించే ముందు

బైలదిలా ఇనుప ఖనిజపు కొండల చెంతనున్న కిరండూల్‌లో మీరున్నారనుకోండి. అమెరికాలోని అబ్బాయి స్మార్ట్ థర్మోస్టాట్ పంపాడు. దాన్ని ఏ.సి. తీగలకు కలపవచ్చా? కలపకూడదు. అక్కడి ఇళ్ళలో అది సాధారణంగా 24 వోల్టుల తీగలతో, ఇల్లంతటినీ వెచ్చబరిచే లేదా చల్లబరిచే యంత్రాన్ని నడుపుతుంది. మన ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. నేరుగా కలిపితే పరికరం కాలిపోవచ్చు, మనిషికీ ప్రమాదమే.

మన స్ప్లిట్ ఏ.సి.లోనే థర్మోస్టాట్ ఉంటుంది. గది కోరినంత చల్లబడగానే అది కంప్రెసర్‌ను ఆపుతుంది. ఇన్వర్టర్ రకమైతే వేగం తగ్గిస్తుంది. దాన్ని ఫోన్‌తో నడపాలంటే, రిమోట్‌లా పరారుణ కిరణాలతో సంకేతాలు పంపే చిన్న పరికరం చాలు. మీ ఏ.సి.కి సరిపోతుందో లేదో చూసి కొనండి. ఏ.సి.కి అడ్డులేకుండా ఎదురుగా, ఎండ పడనిచోట ఉంచండి.

2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ గుర్తున్న గది ఏ.సి.లు 24 డిగ్రీల అమరికతో రావాలన్న నియమం వచ్చింది. మీరూ అక్కడే మొదలుపెట్టండి. తగ్గించినకొద్దీ కంప్రెసర్‌కు పని పెరుగుతుంది, మీకు బిల్లు పెరుగుతుంది.