కొత్త కారు ఆయిలు తాగుతుందా?

కొత్త కారు కొన్న యింట్లో మొదటి నెలంతా సందడే గదా! చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం, కొబ్బరికాయ కొట్టడం, బానెట్టు మీద పసుపూ కుంకుమా పెట్టడం, మా ఉయ్యూరులో అయితే వీరమ్మ తల్లి గుడి దాకా తీసుకెళ్ళి దణ్ణం పెట్టుకు రావడం, అన్నీ అవుతాయి. అంత ముచ్చటగా బొట్టుపెట్టిన ఆ బానెట్టును మళ్ళీ ఎత్తేదెప్పుడు? సర్వీసింగుకు ఇచ్చినప్పుడు షెడ్డువాళ్ళు ఎత్తుతారు. ఈలోగా మనం ముట్టుకోం. ఈ వేళ ఆ మూత కింద సంగతి కాస్త చెప్పుకుందాం.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. కంకిపాడు వైపు బడిలో పాఠాలు చెబుతారు. రోజూ బస్సుల కోసం నిలబడలేక, అప్పుచేసి కారు తీసుకున్నారు. జీతంలో పెద్దముక్క నెలనెలా వాయిదాకే పోతుంది. భర్త ఉద్యోగం వేరే రాష్ట్రంలో, కాబట్టి బండి మంచిచెడ్డలు చూసుకునేది ఆవిడే. బండితో ఇచ్చిన పుస్తకం చదివి, నాలుగువేల కిలోమీటర్లు తిరిగాక డిప్‌స్టిక్కు తీసి చూశారు. డిప్‌స్టిక్కంటే ఇంజనాయిలు మట్టం చూసే పొడుగాటి పుల్ల. మట్టం కింది గీత దగ్గరకు వచ్చేసింది. షెడ్డులో అడిగితే, "కొత్త బళ్ళకు అది మామూలేనమ్మా" అన్నారట. ఆవిడ నా దగ్గరకొచ్చి, "వదినగారూ, మామూలంటే ఎంత మామూలు?" అన్నారు.

ఎంత సబబైన ప్రశ్నో చూడండి. 

ముందు అసలు ఆయిలు తగ్గడమెందుకో చూద్దాం. ఇంజనులో సిలిండరు అనే గొట్టం, అందులో నిమిషానికి రెండు మూడు వేలసార్లు పైకీ కిందకీ ఆడే పిస్టను. ఆ పిస్టను చుట్టూ గాజులు తొడిగినట్టు సాధారణంగా మూడు రింగులుంటాయి. పై రెండింటికీ ముఖ్యమైన పని, పైన మండే వాయువును కిందకు జారకుండా ఆపడం. మూడో రింగు పని గోడలకంటిన ఆయిలును గీకి కిందకు దించడం. మనం దోసెల పెనానికి నూనె రాసి, ఎక్కువైనదాన్ని ఉల్లిపాయ ముక్కతో తుడిచేస్తాం చూడండి, అలాగన్నమాట. ఎంత తుడిచినా పల్చటి జిడ్డు ఉండితీరాలి, లేకపోతే దోసె అంటుకుపోతుంది. ఇంజనులోనూ ఆ జిడ్డు లేకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని పట్టేస్తాయి. ఆ జిడ్డులో కొంచెం మంటకు కాలిపోతూనే ఉంటుంది. అంచేత చుక్క ఆయిలు కాల్చని ఇంజను లోకంలో లేదు. కాల్చేది ఎంత అన్నదే లెక్క.

కొత్తదైతే మరి కాస్త ఎక్కువ ఎందుకంటారా? కొత్త రుబ్బురోలు తెచ్చిన రోజునే మినప్పప్పు రుబ్బేవాళ్ళమా? తవుడో ఊకో వేసి, నాలుగు వాయిలు రుబ్బి పారబోసేవాళ్ళం. రోలూ పొత్రమూ ఒకదానికొకటి అమరాలి గదా. సిలిండరు గోడలకు గూడా ఫ్యాక్టరీలోనే, రోలుకు కక్కు కొట్టినట్టు, ఏటవాలుగా సన్నటి గీతలు గీస్తారు. ఆయిలు ఆ గీతల్లో నిలుస్తుంది. రింగులు ఆ గోడలకు చక్కగా అమరడానికి కొన్ని వేల కిలోమీటర్లు పట్టవచ్చు. అమరిందాకా కాస్త ఆయిలు పైకి జారుతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లూ ఇంజనును మరీ రొద పెట్టించవద్దనీ, ఒకే వేగాన గంటల తరబడి పోనివ్వవద్దనీ పుస్తకాల్లో రాసేది ఇందుకే.

ఇంకో కారణం మన మైలేజీ మోజు. నా చిన్నతనంలో బాడుగ అంబాసిడర్లు 20డబ్ల్యు-40 వంటి చిక్కటి ఆయిలుతో నడిచేవి. ఇప్పటి పెట్రోలు కార్లు చాలావాటికి 0డబ్ల్యు-20, కొన్నిటికి 0డబ్ల్యు-16 పోయమంటున్నారు. అది మజ్జిగ మీది తేటలా జారిపోతుంది. రాపిడి తగ్గాలని రింగుల బిగువు గూడా తగ్గించారు. దాంతో పెట్రోలు ఆదా అయ్యేది నిజమే. ఆయిలు జారడానికి వీలు పెరిగిందీ నిజమే. టర్బో ఉన్న బళ్ళలో వేడి ఎక్కువ, ఆయిలుకు పనీ ఎక్కువ.

ఆ అంబాసిడరు డ్రైవర్లు తెల్లవారగానే బానెట్టెత్తి నీళ్ళూ ఆయిలూ చూసి గాని తాళం తిప్పేవాళ్ళు కాదు. బెజవాడలో 1966లో ఆటోనగర్ పెట్టిన తర్వాత బోరింగు పనికి ఎక్కడెక్కడి లారీలూ అక్కడికే వచ్చేవి. ఆయిలు తాగే ఇంజను అంటే అక్కడ పిల్లవాడికి గూడా తెలుసు. 2014లో అంబాసిడరు తయారీ ఆగిపోయింది. దాంతోపాటు పొద్దున్నే బానెట్టెత్తే ఆ అలవాటూ పోయింది, అదే నా బాధ.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కొన్ని కంపెనీల పుస్తకాల్లో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా, కొన్నిటిలో ఏకంగా లీటరు దాకా ఖర్చయినా పరవాలేదని రాసి ఉంటుంది. చిన్న కారు ఇంజనులో పట్టేది సుమారు మూడు, మూడున్నర లీటర్లు. సర్వీసింగు పదివేల కిలోమీటర్లకోసారి. వెయ్యికి అర లీటరు చొప్పున పదివేలకు అయిదు లీటర్లు! ఉన్నది మూడున్నరే. అంటే పుస్తకం ప్రకారం మామూలుగా ఉన్న బండి గూడా మధ్యలో ఎవరూ పోయకపోతే సర్వీసింగు నాటికి ఎండిపోతుంది. మామూలే అన్నవాళ్ళు "అందుకని నెలకోసారి చూసుకోండి" అనే రెండో మాట గూడా చెప్పాలి గదా. అది చెప్పరు. 

పై టీచరుగారి బండి సంగతే తీసుకోండి. నాలుగువేలకు దాదాపు లీటరు పోయింది. మిగతా ఆరువేలూ చూడకుండా తిరిగితే ఇంకో లీటరున్నర పోయి, అడుగున లీటరు మిగిలేది. ఇంజను పట్టేస్తే బాగుచేయించడానికి లక్షల్లో మాట. వాయిదాలు మాత్రం ఆగవు. ఆవిడేం చేశారంటే, పాలపద్దు రాసే క్యాలెండరులోనే తేదీ, కిలోమీటర్లు, మట్టం, పోసిన ఆయిలు రాసిపెట్టారు. అది చూపించి షెడ్డులో ఖర్చు పరీక్ష చేయమన్నారు. వాళ్ళు ఆయిలు పైగీత దాకా పోసి, మూతకూ అడుగు బోల్టుకూ గుర్తులు పెట్టి పంపారు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత చూస్తే పావు లీటరుకు కాస్త తక్కువ తగ్గింది. ఎనిమిదివేలు దాటాక మళ్ళీ చూస్తే నూరు మిల్లీలీటర్లే. రింగులు అమరాయన్నమాట. రెండు పరీక్షల కాగితాలూ ముద్ర వేయించి దాచుకున్నారు.

అందరికీ ఇలా తగ్గదు. అమెరికాలో 2007-09 నాటి నాలుగు సిలిండర్ల టొయోటా క్యామ్రీలు కొన్ని మరీ ఎక్కువ ఆయిలు తాగాయి. అక్కడికి వెళ్ళిన మన పిల్లలు చవగ్గా పాతవి కొనేది తరచు ఇలాంటి కార్లే. రెండువేల కిలోమీటర్లలోపే సుమారు లీటరు ఖర్చయితే లోపమేనని కంపెనీ లెక్క కట్టి, 2015లో వారంటీ పొడిగించి, పరీక్షలో తేలినవాటికి పిస్టన్లూ రింగులూ మార్చింది. చూశారా, పుస్తకంలో ఒక లెక్క, పరీక్షలో ఇంకో లెక్క! అదే ఏడు కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దాదాపు అయిదు లక్షల కార్ల సంగతి సేకరించి, ఆడి, బి.ఎం.డబ్ల్యు., సుబారు ఇంజన్లు కొన్నిటిలో ఈ బాధ ఎక్కువని రాసింది. మిగతా కార్లలో చాలామందికి మధ్యలో ఆయిలు పోసే పనే పడలేదు. కాబట్టి "అన్ని కొత్త కార్లూ ఇంతే" అంటే నమ్మనక్కర్లేదు.

ఒక తమాషా వినండి. ఊళ్ళో రైతుబజారుకూ బడికీ తిరిగినన్నాళ్ళూ మట్టం కదలదు. తిరుపతి వెళ్ళొచ్చేసరికి దిగిపోతుంది. దగ్గర ప్రయాణాల్లో ఇంజను సరిగా వేడెక్కదు. కాలని పెట్రోలు కొంత కిందకు జారి ఆయిలులో కలుస్తుంది. పాలల్లో నీళ్ళు కలిపితే గిన్నె నిండుగానే కనిపిస్తుంది గదా, అదీ సంగతి. దూరప్రయాణంలో వేడికి ఆ పెట్రోలు ఎగిరిపోయి అసలు మట్టం బయటపడుతుంది. కొండ దిగేటప్పుడు కింది గేరులో ఇంజను పీల్పు ఎక్కువై ఇంకాస్త ఆయిలును లాక్కుంటుంది. అలాగని బ్రేకుల మీదనే దిగకండి, ఆయిలు పోతే పోయింది! ఇక 2020 ఏప్రిలు నుంచి వచ్చిన బి.ఎస్.6 డీజిలు బళ్ళలో పొగగొట్టానికి మసి పట్టే జల్లెడ ఉంది. ఆ మసి కాల్చే పనిలో డీజిలు ఆయిలులో కలిసి మట్టం పెరగవచ్చు. పైగీత దాటి పెరిగితే సంతోషించకండి, షెడ్డులో చూపించండి.

చూసే పద్ధతి చాలా తేలిక. బండి చదునైన చోట నిలపాలి. ఇంజను ఆపి అయిదు పది నిమిషాలు ఆగాలి. పుల్ల తీసి, పోగులూడని నూలుగుడ్డతో తుడిచి, పూర్తిగా దించి మళ్ళీ తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. చాలా కార్లలో కింది గీతకూ పైగీతకూ తేడా ముప్పావు లీటరు నుంచి లీటరు. నల్లబడితే కంగారు లేదు, మసిని కడగడం దాని పనే. మజ్జిగలా తెల్లగా ఉంటే మాత్రం బండి కదపకండి, నీళ్ళు చేరి ఉండవచ్చు. కొన్ని కొత్త కార్లలో పుల్ల లేదు, తెర మీదే చూపిస్తుంది. నాకైతే పుల్ల మీదే నమ్మకం.

"ఎర్రదీపం వెలుగుతుంది గదా, అప్పుడు చూస్తాం" అంటారు కొందరు. కొమ్ముచెంబు ఆకారంలో, మూతి దగ్గర చుక్కతో వెలిగే ఆ దీపం ఆయిలు మట్టం చెప్పేది కాదు. ఇంజనులో ఆయిలు ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి ఆలస్యమైపోయి ఉండవచ్చు. వెలిగిందా, బందరు రోడ్డు మీదనైనా సరే, పక్కకు తీసి తక్షణం ఇంజను ఆపేయండి. పెట్రోలుబంకు దాకా పోదామనుకోవద్దు.

ఆయిలు కాలుతోందా, కారుతోందా తెలియాలంటే రాత్రి బండి కింద పాత అట్టపెట్టె పరిచి పొద్దున్నే చూడండి. ఏ.సి. నుంచి కారే తేట నీళ్ళు చూసి హడలిపోకండి. పొగగొట్టం నుంచి నీలిపొగ వస్తే కాలుతోందని గుర్తు.

పోసేటప్పుడు కొంచెం కొంచెంగా పోసి చూసుకోవాలి. పైగీత దాటితే నురగకట్టి ఇంజనుకు చెరుపు చేస్తుంది. పుస్తకంలో రాసిన నంబరు ఆయిలే అర లీటరు డబ్బా ఒకటి డిక్కీలో ఉంచుకోండి, కొన్న బిల్లు అదే క్యాలెండరుకు గుచ్చండి. వారంటీలో పేచీ వస్తే ముందు కంపెనీకి ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం మనం కాపురముండే జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు, షోరూము ఏ ఊళ్ళో ఉన్నా సరే.