గేరుపెట్టె నూనెకు ఉష్ణమాపకము



ఉదయగిరి కొండదారులలో బరువు లాగునపుడును, ఆత్మకూరు మళ్లలో దమ్ము చేయునపుడును ట్రాక్టరు గేరుపెట్టెలోని నూనె మిగుల వేడెక్కును. ఇంజను నీటి వేడిని చూపు ముల్లు దీనిని తెలుపజాలదు. పెక్కు ట్రాక్టర్లలో హైడ్రాలిక్ లిఫ్టునకును ఈ నూనెయే ఆధారము. కావున దీనికి వేరుగ మీటరుండుట మేలు.

నూనె చల్లారిన పిదప బ్యాటరీ మైనస్ తీగను విప్పి, నూనెను దింపవలెను. మీటరును సెన్సారును ఒకే జతవిగ నుండవలెను. మర సరిపోవు డ్రెయిన్ ప్లగ్గు స్థానమున సెన్సారును బిగించి, రాళ్లు తగులకుండ కాపు పెట్టవలెను. క్రొత్త రంధ్రము తొలిచినచో ఇనుపరజను గేర్లలో బడును. ఒంటితీగ సెన్సారునకు మరయే ఎర్తు. దానికి టేపు దట్టముగ చుట్టినచో ముల్లు తప్పు చూపును. మీటరు తీగకు ఫ్యూజు తప్పనిసరి. పిదప నూనెను గుర్తువరకు నింపి, కారుట లేదని చూడవలెను.

ముల్లు అలవాటు దాటి యెక్కినచో బరువు తగ్గింపుడు. దమ్ముకాలమున బండి నిలిచెనా, నారు ముదిరిపోవును.