కలకబారిన నీళ్లు ఎవరు తాగాలి?

యెహెజ్కేలు ప్రవక్త ద్వారా దేవుడు తన మంద మీదే ఒక నేరం మోపాడు (34:18,19). బలిసిన గొర్రెలు తేట నీళ్లు తాగి, మిగిలిన నీళ్లను కాళ్లతో తొక్కి బురద చేస్తున్నాయి. వెనక వచ్చే బక్క గొర్రెలకు ఆ కలక నీళ్లే గతి. నీళ్లు తాగడం నేరం కాదు, తమ తర్వాత తాగేవారున్నారని మరవడమే నేరం. వాన కురిసిన రోజున మన వీధుల్లో జరుగుతున్నదీ ఇదే!

మంచివారు, చెడ్డవారు అన్న తేడా లేకుండా దేవుడు అందరికీ వాననిస్తాడు. అయితే నేలకు చేరిన నీటి బాధ్యత మనది. మట్టినేల వాన నీటిని ఇంకించుకుంటుంది, సిమెంటు నేల నెట్టివేస్తుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు! అలా ఇంటింటి నీరూ రోడ్డెక్కి ఇంజనాయిలు, పేడ, ప్లాస్టిక్ సంచులు కలుపుకొని నాలాలో పడుతుంది. నాలా పూడితే ఆ మురుగు పల్లంలో ఉన్న పేదల ఇళ్లలోకి, మంచినీటి సంపుల్లోకి చేరుతుంది. రోగాలు మొదలయ్యేది అక్కడే.

హైదరాబాద్‌లో పూర్వికులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. ఒకటి నిండితే అలుగు పారి నాలా గుండా కింది చెరువుకు నీరు చేరేది. కాలక్రమంలో చెరువులు ప్లాట్లయ్యాయి, నాలాలు ఇరుకయ్యాయి. 2020 అక్టోబరు వానలకు పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. ప్రాణాలూ పోయాయి.

కొత్త ఇల్లు కట్టేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని, లేకుంటే పడి చనిపోయినవాడి రక్తాపరాధం ఆ ఇంటి మీద ఉంటుందని ధర్మశాస్త్రం హెచ్చరించింది (ద్వితీ 22:8). డాబా మీది మనిషి క్షేమానికి ఇంటివాడు బాధ్యుడైతే, ఆ డాబా మీది నీటికి మాత్రం కాడా? ప్రభుత్వం చేయాల్సింది ఎంతో ఉంది, అడగాల్సిందే. కాని ఇంకుడుగుంత తవ్వడానికి, నాలాలో చెత్త వేయకుండా ఉండడానికి ఎవరి ఉత్తర్వులూ అక్కర్లేదు. బండ్లు నిలపడానికి ఆవరణంతా సిమెంటు చేయించిన చర్చిలు కొంత నేలనైనా మళ్లీ మట్టికి వదలాలి. వానాకాలానికి ముందే సంఘపెద్దలు, యవనస్థులు కాలనీవాసులతో కలిసి వీధి కాలువ పూడిక తీయించాలి.

పొరుగువాడంటే పక్కింటివాడే కాదు, మన వాననీరు చేరే పల్లంలో ఉన్నవాడు కూడా! అతని పేరు మనకు తెలియకపోవచ్చు, దేవునికి తెలుసు.