మచ్చల రాయికి క్యాబేజీ వేషం!

తైవాన్ రాజధాని తైపీలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో కంచు పాత్రలు, పింగాణీ, పాతకాలపు చిత్రాలు బోలెడున్నాయి. అయినా జనం ఫోన్లు పట్టుకుని ఎగబడేది మాత్రం ఓ క్యాబేజీ కోసం! మన కూరగాయల బండి మీద ఉండే గుండ్రటిది కాదు, చైనా వంటల్లో వేసే పొడవాటి రకం. ఎత్తు 18.7 సెంటీమీటర్లు. మీ చేతిలోని ఫోన్‌కన్నా కాస్త పొడవు, అంతే.

అది జేడైట్ రాయి. జేడ్‌లో ఖరీదైన రకం. కానీ ఈ ముక్కకి సగం తెలుపు, సగం ఆకుపచ్చ. పైగా పగుళ్లు, రంగు మారిన మచ్చలు. గాజులకో గిన్నెకో అయితే పక్కన పడేసే సరుకే. చెక్కినాయన మాత్రం తెలుపుని కాడలు చేశాడు, పచ్చదనాన్ని ఆకులు చేశాడు, పగుళ్లని ఈనెల్లో కలిపేశాడు. ఆకుల చివర్న ఓ మిడత, పొడవాటి మీసాలున్న ఇంకో పురుగు కూడా ఉన్నాయి. జూమ్ చేస్తే కాళ్లు కనిపిస్తాయి!

జేడ్‌ని ఉలితో కొట్టి చెక్కడం కుదరదు. తిరిగే చక్రం, నీళ్లు, గట్టి ఇసుకపొడితో కొద్దికొద్దిగా అరగదీయాలి. పురుగు కాలు దగ్గర చెయ్యి జారిందా, అంతే సంగతులు. అండూ బటన్ లేని పని. ఇంత చేసినా ఆయన పేరు ఎక్కడా లేదు.

ఇది ఒకప్పుడు బీజింగ్ రాజప్రాసాదంలో, చింగ్ చక్రవర్తి గ్వాంగ్‌షు భార్యల్లో ఒకరైన జిన్ నివాసంలో ఉండేది. పుట్టింటి సారెగా వచ్చిందని చెబుతారు. తెలుపంటే స్వచ్ఛత, పురుగులంటే ఇంటినిండా పిల్లలు అని దీవెన. పాపం, గ్వాంగ్‌షుకి పిల్లలే కలగలేదు.

1933లో జపాన్ సైన్యం దగ్గరపడుతుంటే ప్రాసాదంలోని సంపదని పెట్టెల్లో సర్ది దక్షిణానికి తరలించారు. 1948-49లో అంతర్యుద్ధం ముదరడంతో అందులో కొంత సముద్రం దాటి తైవాన్ చేరింది. దాంతోపాటే మన క్యాబేజీ!

అదే మ్యూజియంలో వండిన మాంసం ముక్కలా కనిపించే జాస్పర్ రాయి కూడా ఉంది. చూస్తే నోరూరుతుంది. నా ఓటు మాత్రం క్యాబేజీకే. మాంసం రాయికి పైన రంగు అద్దారు, దీనికి రాయి రంగే సరిపోయింది.

తైపీ దూరమంటారా? హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్ గ్యాలరీలున్నాయి. జేడ్ గదిలో నూర్జహాన్ పండ్లకత్తి ఉంది. అది మొఘలుల కాలందే అయినా రాయి మాత్రం జేడే. ఈసారి గడియారం గంటలు విన్నాక అటు కూడా ఓ చూపెయ్యండి.