మనోవ్యాధిగ్రస్తుల వివాహ జీవితం – సమాజ బాధ్యత

 



దివ్యఖుర్ఆన్ ‘అర్రూమ్’ సూరా 21వ ఆయతులో అల్లాహ్ భార్యాభర్తల బంధాన్ని తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు. ఆ బంధంలో మనిషికి లభించే ప్రశాంతతను, దంపతుల మధ్య తాను కలిగించిన ప్రేమను, కారుణ్యాన్ని గుర్తుచేశాడు. మన నికాహ్ సభల్లో ఈ ఆయతు తరచుగా వినిపిస్తుంది. అయితే ఈ మూడు అనుగ్రహాల అవసరం మరింత ఎక్కువగా ఉన్న కొందరిని మనం ఆ సభలకు దూరంగా, వెనుక గదిలో కూర్చోబెడుతున్నాము. వారు తీవ్రమైన మానసిక వ్యాధితో జీవిస్తున్న మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. నేటి ప్రసంగాంశం వారి వివాహ జీవితం.

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి వ్యాధులను వైద్యులు తీవ్ర మానసిక వ్యాధులుగా పరిగణిస్తారు. మొదటిదానిలో రోగికి ఎవరూ పలకని మాటలు వినిపిస్తాయి. ఎవరో తనకు కీడు తలపెట్టారన్న అనుమానం బలపడుతుంది. రెండవదానిలో కొంతకాలం హద్దులేని ఉత్సాహం, నిద్ర అక్కరలేని స్థితి, విచ్చలవిడి ఖర్చు. మరికొంతకాలం లోతైన దిగులు. ఇవి ఎక్కువగా యౌవనారంభంలో, ఇరవైల వయసులో బయటపడతాయి. అంటే సరిగ్గా సంబంధాలు చూసే వయసులోనే. చదువు ఆగిపోతుంది, మిత్రులు తప్పుకుంటారు, నలుగురితో మాట్లాడే అలవాటు సడలిపోతుంది. మందులతో మనసు కుదుటపడి తలెత్తి చూసేసరికి తోటివారందరూ బిడ్డల తల్లిదండ్రులై ఉంటారు. తోడు కావాలన్న కోరికను మాత్రం వ్యాధి తీసుకుపోదు. ఆ కోరిక రోగలక్షణం కాదు. అల్లాహ్ మానవ ప్రకృతిలో ఉంచిన విషయం.

ఒక సామెత – రెండు పొరపాట్లు

“పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు” అని తెలుగులో ఒక సామెత ఉంది. హాస్యానికి అనే మాటే అయినా, మన కుటుంబాలు నిజంగా ఈ రెండు దారుల్లోనే నడుస్తున్నాయి. కొందరు వ్యాధి పూర్తిగా పోయేవరకు పెళ్ళి మాటే ఎత్తకూడదంటారు. మరికొందరు పెళ్ళి చేసేస్తే అంతా సర్దుకుంటుందంటారు. ఈ రెండు మాటలనూ ధర్మం వెలుగులో పరిశీలిద్దాము.

మొదటి మాట: వ్యాధి పోతేనే పెళ్ళి. మధుమేహం, రక్తపోటు పూర్తిగా పోయాకే నికాహ్ చేస్తామని మనం ఎవరితోనూ అనము. అవి మందులతో అదుపులో ఉంటే చాలునంటాము. ఎందరో మనోరోగుల విషయమూ ఇంతే. మందులు వాడుతూ, నమాజు చేసుకుంటూ, పని చేసుకుంటూ ఏళ్ళ తరబడి నిలకడగా జీవించేవారున్నారు. మతిస్థిమితం పూర్తిగా తప్పిన స్థితికీ, వ్యాధి ఉన్నా మంచిచెడ్డలు గ్రహించగల స్థితికీ మన ధర్మవేత్తలు ఎప్పుడో తేడా చూపారు. మతి వచ్చిపోతూ ఉండే వ్యక్తి, స్పృహ స్పష్టంగా ఉన్న కాలంలో చేసిన ఒప్పందం చెల్లుతుందని చెప్పారు. మన దేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన మనిషిని మతిస్థిమితం లేనివాడుగా భావించరాదని, అది న్యాయస్థానం తేల్చవలసిన విషయమని స్పష్టం చేసింది.

‘అన్నూర్’ సూరా 32వ ఆయతులో అవివాహితులకు వివాహం జరిపించమనే ఆదేశం ఉంది. ఆ ఆదేశం సమాజాన్ని ఉద్దేశించినది. తోడు లేనివారికి తోడు వెతికే బాధ్యత మనందరిదీ అని దాని భావం. వ్యాధిగ్రస్తులను ఆ బాధ్యత నుండి మినహాయించే అధికారం మనకు ఎవరిచ్చారు?

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ‘సహీహ్ ముస్లిం’లో ఉంది. మనసు సరిగా లేని ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, మీతో పని ఉందన్నది. ఆయన ఆమెను గౌరవంగా సంబోధించి, ఏ వీధిలో మాట్లాడాలో ఆమెనే నిర్ణయించుకోమన్నారు. ఆమె చెప్పదలచుకున్నది పూర్తయ్యేవరకు దారిలో ఆమెతో నిలబడ్డారు. ఆమెను నవ్వులపాలు చేయలేదు, ఆమె బదులు మరొకరిని పిలిపించలేదు. ఇష్టాన్ని ఆమెకే వదలి, చివరిదాకా విన్నారు. మనోవ్యాధిగ్రస్తుని వివాహం గురించి ఆలోచించే కుటుంబం మొదట నేర్చుకోవలసిన సున్నత్ ఇదే: వారి మాట వినడం, వారి ఇష్టం అడగడం.

రెండవ మాట: పెళ్ళే మందు. ఇది మొదటిదానికన్నా ప్రమాదకరమైనది. పెళ్ళంటే రోజుల తరబడి హడావిడి, రాత్రుల జాగరణ, కొత్త ఇల్లు, కొత్త మనుషులు. బైపోలార్ వ్యాధి తిరగబెట్టడానికి నిద్రలేమి ఒక్కటే చాలునని వైద్యులు హెచ్చరిస్తారు. దానికి తోడు, కొత్త కోడలికో అల్లుడికో తెలిసిపోతుందని మాత్రలు దాచిపెట్టడం, మానిపించడం జరుగుతోంది. కొద్ది వారాల్లోనే వ్యాధి విజృంభిస్తుంది. అప్పుడు నింద కొత్తగా వచ్చిన మనిషి మీద పడుతుంది.

మరో ఘోరం కూడా ఉంది. వ్యాధి ఉన్న కుమారునికి కట్నం అడగకుండా, జోడే కీ రఖం వద్దంటూ, ఒక పేదింటి ఆడపిల్లను తెచ్చుకుంటారు. ఆమెకు నిజం చెప్పరు. ఆమెను భార్యగా కాక, జీతం లేని సేవకురాలిగా ఎంచుకున్నారన్నమాట. అలాగే వ్యాధి ఉన్న కుమార్తెను అధిక కట్నమిచ్చి అత్తవారింటికి పంపి, గుండెల మీది బరువు దిగిందనుకునే తల్లిదండ్రులున్నారు. ఈ రెండూ అన్యాయాలే. మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించినది అంగట్లో ధాన్యం తడిని దాచిన వ్యాపారి విషయంలో. ధాన్యం విషయంలోనే అంత హెచ్చరిక ఉంటే, జీవితాంతపు ఒడంబడికలో దాపరికాన్ని ఏమనాలి?

నికాహ్‌కు ముందు నిజం

ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాల గురించి సంప్రదించినప్పుడు, దైవప్రవక్త (స) ఒకరి పేదరికాన్ని, మరొకరి కాఠిన్యాన్ని దాచకుండా తెలియజేశారు. ఇతరుల లోపాలు చెప్పడం సాధారణంగా నిషిద్ధమైనా, వివాహ సంప్రదింపులో నిజం చెప్పడం అమానతు అని ధర్మవేత్తలు ఈ హదీసు ద్వారా గ్రహించారు. మతిభ్రమణాన్ని దాచి చేసిన నికాహ్‌లో అవతలి పక్షానికి రద్దు కోరే హక్కు ఉంటుందని అనేకమంది ధర్మవేత్తలు అభిప్రాయపడడం కూడా ఇందుకే.

అయితే నిజం చెప్పడానికీ ఒక మర్యాద ఉంది. వ్యాధి వివరాలు మొహల్లా అంతటికీ చాటనక్కరలేదు. ఇరుపక్షాలకు ఒకరిపై ఒకరికి ఆసక్తి కలిగాక, మాట ఖాయం కాకముందు చెప్పాలి. వీలైనంతవరకు ఆ వ్యక్తే స్వయంగా చెప్పాలి. పెద్దలు పక్కన ఉండవచ్చు. వ్యాధి పేరు, ఎప్పటినుండి ఉన్నది, ఏ మందులు, చివరిసారి ఎప్పుడు తిరగబెట్టింది, అప్పుడు ఏమి జరిగింది అన్నవి తెలియజేయాలి. అవసరమైతే ఇరువురూ కలిసి వైద్యుని వద్దకు వెళ్ళి సందేహాలు తీర్చుకోవాలి. విన్నవారు ఒప్పుకోకపోయినా, ఆ రహస్యాన్ని కాపాడటం వారిపై బాధ్యత.

ఒప్పుకోలు విషయంలో బలవంతానికి తావు లేదు. ఖన్సా బిన్తె ఖిజామ్ (రజి) ఇష్టానికి వ్యతిరేకంగా తండ్రి చేసిన నికాహ్‌ను దైవప్రవక్త (స) రద్దు చేశారు. వ్యాధిగ్రస్తుని సమ్మతి ఎంత అవసరమో, అవతలివారి సమ్మతి అంతే అవసరం.

తోడు కోసం సిద్ధపరచడం

సంబంధం వెతకడంతోనే సహాయం పూర్తి కాదు. ఏళ్ళ తరబడి ఒంటరిగా గదిలో గడిపిన మనిషికి మరొకరితో కలిసి బ్రతకడం మళ్ళీ నేర్చుకోవలసిన విద్య. వేళకు నిద్రలేవడం, శుభ్రత, ఎదుటివారు చెప్పేది మధ్యలో అడ్డుకోకుండా వినడం, కోపం వచ్చినప్పుడు మాట ఆపుకోవడం, తన ఖర్చులు తాను చూసుకోవడం వంటివి ఇంట్లోనే అలవాటు చేయాలి. మస్జిదులో ఒక చిన్న సేవ, దుకాణంలో కొద్ది గంటల పని అప్పగిస్తే ఆత్మవిశ్వాసం పెరుగుతుంది. పైగామ్ వచ్చినప్పుడు షరీఅత్ హద్దుల్లో, మహ్రమ్ సమక్షంలో, ఒక్కసారితో సరిపెట్టకుండా రెండు మూడుసార్లు తొందరలేని సంభాషణకు అవకాశమివ్వాలి.

నిరాకరణను భరించడం కూడా నేర్పాలి. ముగీస్ (రజి) తన మాజీ భార్య బరీరా (రజి) వెంట మదీనా వీధుల్లో కన్నీరు కారుస్తూ తిరిగేవారని ‘సహీహ్ బుఖారీ’ తెలుపుతోంది. దైవప్రవక్త (స) ఆయన తరఫున ఆమెకు సిఫారసు చేశారు. అది ఆజ్ఞా అని ఆమె అడిగింది. సిఫారసు మాత్రమేనన్నారు. ఆమె వద్దన్నది. ఆ విషయం అంతటితో ముగిసింది. ముగీస్ (రజి) కన్నీటిని ఎవరూ ఎగతాళి చేయలేదు. బరీరా (రజి) నిర్ణయాన్ని ఎవరూ కాలదన్నలేదు. మన పిల్లలకూ ఈ రెండూ కావాలి: ఏడ్చేటప్పుడు పక్కన ఒక భుజం, వద్దన్నవారి వెంటపడకూడదన్న స్పష్టమైన బోధ.

నికాహ్ తరువాత

వలీమా భోజనంతో మన బాధ్యత తీరదు. దంపతులు కొన్ని విషయాలు ముందే మాట్లాడుకోవాలి. వ్యాధి తిరగబెడుతున్న గుర్తులేమిటి, అప్పుడు ఎవరికి కబురు చేయాలి, ఏ వైద్యుని వద్దకు వెళ్ళాలి అన్నది కాగితం మీద రాసి ఉంచుకోవడం మంచిది. కొన్ని మందులు దాంపత్య వాంఛను తగ్గిస్తాయి. సిగ్గుపడి మాత్రలు మానేయక, వైద్యునికి చెబితే మార్పు చేస్తారు. గర్భం దాల్చదలచినవారు ముందుగానే వైద్యుని సంప్రదించాలి. వాల్ప్రోయేట్ వంటి మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. బిడ్డలకు తప్పక వ్యాధి వస్తుందన్న భయం సరికాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉన్నప్పుడు బిడ్డల్లో సుమారు పదింట ఒకరికి అది రావచ్చు, అత్యధికులకు రాదు. రమజాన్ ఉపవాసాలకు ముందు మందుల వేళల గురించి వైద్యునీ, ధర్మవేత్తనూ సంప్రదించాలి. దుఆ, దివ్యఖుర్ఆన్ పారాయణం మనకు బలం. అవి వైద్యానికి పోటీ కావు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను అవతరింపజేశాడని బోధించినది దైవప్రవక్తే (స). దగ్గరలో వైద్యుడు లేనివారు ప్రభుత్వ ‘టెలీ మానస్’ 14416 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా, తెలుగులో సలహా పొందవచ్చు.

మతి తప్పిన స్థితిలో భర్త నోట తలాఖ్ మాట వెలువడితే, కుటుంబం పగిలిపోయిందని తొందరపడకండి. మతిలేనివాని తలాఖ్ చెల్లదన్నది ధర్మవేత్తల ఏకాభిప్రాయం. అతడు ఆ సమయంలో ఏ స్థితిలో ఉన్నాడో వైద్యుని మాటతో సహా ముఫ్తీకి నివేదించి తీర్పు పొందాలి.

సహనం గొప్ప సుగుణమే. అయితే సహనం పేరుతో భార్యను గాని, భర్తను గాని హింసకు బలి చేయరాదు. ప్రాణభయం ఉన్నచోట మొదటి విధి రక్షణ. భర్త రెండేళ్ళుగా మతిభ్రమణంలో ఉంటే వివాహ రద్దు కోరే హక్కును 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం భార్యకు ఇచ్చింది. ఆ హక్కు వాడుకున్న స్త్రీని నిందించకండి. నిలిచి సేవ చేసిన స్త్రీని ఒంటరిగా వదిలేయకండి. వారానికి ఒక పూట రోగి వద్ద కూర్చుని ఆమెకు విశ్రాంతినివ్వడం బంధువులు చేయగల గొప్ప సదఖా.

పెళ్ళి కాని వారి మాట

అందరి పరిస్థితీ వివాహానికి అనుకూలంగా ఉండదు. ఎదుటివారికి అన్యాయం జరుగుతుందన్న స్పష్టమైన భయం ఉన్నప్పుడు నికాహ్ తగదని ధర్మవేత్తలు చెప్పారు. అటువంటివారు తక్కువవారు కారు. వారికి మన పంక్తిలో స్థానం, మన భోజనాల వద్ద పిలుపు, మన సలాముకు బదులివ్వగల మిత్రులు ఉండాలి. నిర్ణయం ఏదైనా, అది వారిని అడిగి, వారి స్థితి చూసి తీసుకున్నది కావాలి. సామెత చూసి తీసుకున్నది కారాదు.

సోదరులారా! ఈ వారం మీ మొహల్లాలో అటువంటి ఒక ఇంటి తలుపు తట్టండి. ఆ తల్లిని, ఆ తండ్రిని పలకరించండి. ఆ వ్యక్తి పక్కన కూర్చుని, ఏమి కోరుకుంటున్నావని అడిగి, చివరిదాకా వినండి.

ఓ అల్లాహ్! మనోవ్యాధులతో బాధపడుతున్న మా వారికి స్వస్థత ప్రసాదించు. వారిలో తోడు కోరేవారికి కరుణగల తోడును అనుగ్రహించు. వారి దాంపత్యాన్ని ప్రశాంతతకు నిలయంగా చేయి. నిజం పలికే ధైర్యాన్ని, బలహీనుల పట్ల న్యాయంగా మెలిగే మనసును మాకు ప్రసాదించు. ఆమీన్.